చుట్టాలొచ్చారు, ఏ రికార్డు వేద్దాం?

మీ ఇంట్లో స్టీరియో ఉందనుకుందాం. ఒక రికార్డు ప్లేయరు, ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు. బాబాయిగారు ఎప్పుడో కొన్నదాన్ని అటక మీంచి దింపి దుమ్ము దులిపారో, లేక కొత్తదే కొన్నారో! రికార్డుల పని ఇక అయిపోయిందని అందరూ అనుకున్న తరువాత అవి మళ్ళీ వస్తున్నాయి. అమెరికాలో 2020లో రికార్డుల అమ్మకాల మీద వచ్చిన డబ్బు సి.డి.ల మీద వచ్చినదాన్ని దాటిపోయింది కూడా. సరే, ఆదివారం పూట మచిలీపట్నం నుంచి విజయవాడకి మీ పెదనాన్నగారి కుటుంబమంతా దిగింది. కాఫీలయ్యాయి. "ఏదీ, మీ స్టీరియో వినిపించండి చూద్దాం" అన్నారు. ఇప్పుడు ఏ రికార్డు వెయ్యాలి?

ఇదేం సైన్సు ప్రశ్న అంటారా? ఒక్క నిమిషం ఆగండి. మీ బడి ప్రయోగశాలకి కొత్త థర్మామీటరు వచ్చింది. అది సరిగ్గా చూపిస్తోందో లేదో ఎలా తేలుస్తారు? కరిగే మంచులో పెడితే 0 డిగ్రీలు, మరిగే నీళ్ళ ఆవిరిలో పెడితే 100 డిగ్రీలు చూపాలి. అంటే జవాబు మనకి ముందే తెలిసిన చోట పెట్టి చూస్తామన్నమాట. జవాబు తెలియని చోట పెడితే అది ఏ అంకె చూపినా నమ్మి ఊరుకోవలసిందే.

స్టీరియో కూడా ఒక పరికరమే. ఎక్కడో, ఎప్పుడో పుట్టిన ధ్వనిని మన ముందు గదిలో మళ్ళీ పుట్టిస్తానని మాట ఇచ్చిన పరికరం. ఆ మాట నిలబెట్టుకుందో లేదో తేల్చడానికి దానికి మంచూ, మరిగే నీళ్ళూ ఏమిటి? చుట్టాలకు ఏ రికార్డు వెయ్యాలి అన్న ప్రశ్న నిజానికి ఇదే.

రైళ్ళు, బంతులు, ఫిరంగులు

స్టీరియో కొన్నవాళ్ళు చుట్టాలకు సాధారణంగా ఏం వినిపించేవారో ముందు చూద్దాం.

స్టీరియో ఆలోచనను పూర్తిగా రూపొందించినవాడు అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. ఆయన భార్యతో సినిమాకి వెళ్ళి, తెర మీద నటుడు ఒక చివర ఉంటే గొంతు మరెక్కడినుంచో రావడం గమనించి, దీన్ని సరిచేసే దారి నాకు తెలుసు అన్నాడని చెబుతారు. 1931 డిసెంబరులో ఆయన పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1935లో పరీక్ష కోసం కొన్ని చిన్న ఫిల్ములు తీశాడు. వాటిలో ఒకటి లండన్ దగ్గర హేజ్ స్టేషనులో వచ్చి పోయే రైళ్ళు! రైలు తెర మీద ఎటు కదిలితే ధ్వని కూడా అటే కదులుతుంది. బ్లమ్‌లైన్ 1942లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఆయన ఊహించిన స్టీరియో రికార్డులు అంగళ్ళలోకి వచ్చింది ఆ తరువాత పదిహేనేళ్ళకు.

1957 చివరిలో అమెరికాలో ఆడియో ఫిడెలిటీ అనే సంస్థ నమూనాగా ఒక స్టీరియో రికార్డు తయారుచేసింది. ఒక వైపు జాజ్ వాద్య బృందం. రెండో వైపు ఏమిటనుకున్నారు? మళ్ళీ రైళ్ళే. 1959లో "పర్సుయేసివ్ పర్కషన్" అనే రికార్డు వచ్చింది. అందులో డప్పుల మోత ఎడమ స్పీకరులో ఒకటి, కుడి స్పీకరులో ఒకటి, బంతాట లాగా ఇటూ అటూ ఎగురుతుంది. కొత్తగా స్టీరియో కొన్నవాళ్ళు దీన్ని విరగబడి కొన్నారు. 1979లో టెలార్క్ సంస్థ రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ "1812" సంగీతాన్ని నిజమైన ఫిరంగుల మోతతో విడుదల చేసింది. ఫిరంగి పేలిన చోట రికార్డు గాడి ఎంత వంకర తిరిగిందంటే, ఆ వంకర కంటికి కనబడుతుంది. చాలా ప్లేయర్లలో ముల్లు అక్కడికి రాగానే గాడిలోంచి ఎగిరిపడేది.

మన వైపు కూడా 1970లలో, 80లలో స్టీరియో ఉన్న ఇళ్ళలో ఇలాంటివే వినిపించేవారు. బోనీ ఎం. పాటలు, గడియారాలన్నీ ఒక్కసారి గణగణమనే పింక్ ఫ్లాయిడ్ రికార్డు, విమానం నెత్తి మీంచి పోయినట్టుండే ప్లేట్లు. చుట్టాలు నోళ్ళు తెరిచి వినేవారు. విజయవాడ వాళ్ళకి కృష్ణ వంతెన మీద నిజం రైలు రోజుకి ఎన్నోసార్లు ఉచితంగా వినిపిస్తూనే ఉంటుంది, అది వేరే సంగతి.

వీటిలో తప్పేమీ లేదు. వినడానికి సరదాగా ఉంటాయి. కాని పరీక్షకు మాత్రం పనికిరావు. ఎందుకో చెప్పడానికి ముందు రెండు స్పీకర్లు చేసే పని తెలుసుకోవాలి.

రెండు చెవులు, ఒకే గాడి

కళ్ళు మూసుకుని కూర్చున్నా పిలిచినవాళ్ళు ఏ వైపు ఉన్నారో మీకు తెలుస్తుంది. ఎలా? మన చెవుల మధ్య దూరం సుమారు 20 సెంటీమీటర్లు. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. కుడి పక్కనుంచి వచ్చిన ధ్వని కుడి చెవిని చేరాక ఎడమ చెవిని చేరడానికి 0.2 ÷ 340, అంటే సుమారు 0.0006 సెకను ఎక్కువ పడుతుంది. తల అడ్డు రావడం వల్ల కాస్త బలహీనంగా కూడా చేరుతుంది. ఇంత చిన్న తేడాను పట్టుకుని మెదడు దిక్కు చెప్పేస్తుంది. రెండు మైకులతో రికార్డు చేసి రెండు స్పీకర్లతో వినిపిస్తే ఈ తేడాలు మన చెవులకు మళ్ళీ అందుతాయి.

రెండు ధ్వనులు ఒకే గాడిలో ఎలా ఇమిడాయి? గాడి అడ్డుకోత ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది. రెండు గోడలూ చెరొక 45 డిగ్రీల వాలు. లోపలి గోడ మీద ఎడమ స్పీకరు కోసం చెక్కిన వంకరలు, బయటి గోడ మీద కుడి స్పీకరువి. ముల్లు రెండు గోడలనూ ఒకేసారి తాకుతూ పోతుంది. దాని వెనుక అయస్కాంతం, తీగచుట్టలు ఉంటాయి. ముల్లు కదిలితే తీగచుట్టల్లో విద్యుత్తు పుడుతుంది. మీరు చదువుకున్న ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణే ఇది.

మామ్మ చెవి

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 1980లలో గుడివాడ దగ్గర మా ఊళ్ళో ఒక రైసు మిల్లు యజమాని స్టీరియో కొన్నారు. నేనప్పుడు హైస్కూల్లో చదువుతున్నాను. సాయంత్రం అయ్యేసరికి ఆయన వసారాలో సగం ఊరు ఉండేది. విమానం, ఉరుము, అద్దం పగలడం, అన్నీ అయ్యాయి. "అబ్బ! ఎంత స్పష్టంగా ఉందో!" అని అందరూ అన్నారు. ఆఖరికి ఆయన మామ్మగారు, "అవన్నీ ఎందుకురా, మన కృష్ణరాయబారం పద్యాలు వెయ్యి" అన్నారు. వేశారు. రెండు పద్యాలు విని ఆమె అన్న మాట నాకిప్పటికీ గుర్తు: "ఈ పాడేది ఆయనేనట్రా? కుండలో తల పెట్టి పాడుతున్నట్టుందేమిటి!"

ఆ నటుడు మా ఊళ్ళో ఎన్నోసార్లు నాటకం ఆడాడు. ఆయన గొంతు ఎలా ఉంటుందో మామ్మగారికే కాదు, వసారాలో ఉన్న పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఆమె అనేసరికి, నిజమే, కుండలో పాడినట్టే ఉందని తలా ఒకరు ఒప్పుకున్నారు.

కారణం దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. స్పీకర్లను రెండు మూలల్లో పాత భోషాణాల మీద పెట్టారు. భోషాణం అంటే పెద్ద బోలు చెక్కపెట్టె. స్పీకరు కంపనాలు పెట్టెలోకి దిగి, దాని సహజ పౌనఃపున్యం దగ్గరి స్వరాలు అనునాదం వల్ల రెట్టింపై మోగుతున్నాయి. పైగా మూలన పెడితే రెండు గోడలూ నేలా కలిసి మంద్రస్వరాలను మరింత పెంచుతాయి. స్పీకర్లను దింపి, గోడకు దూరంగా గట్టి బల్లల మీద పెట్టారు. గొంతు కుండలోంచి బయటికి వచ్చింది!

గమనించారా? ఈ దోషం విమానం వినిపించినప్పుడూ ఉంది, ఉరుము వినిపించినప్పుడూ ఉంది. ఎవరూ పట్టుకోలేదు. ఎందుకంటే ఆ రికార్డులోని ఉరుము అసలు ఎలా ఉరిమిందో ఎవరికీ తెలియదు. కాస్త ఎక్కువ గుమ్మని మోగితే ఇంకా బాగుందనే అనుకున్నారు. తెలిసిన గొంతు దగ్గరే దొంగ దొరికాడు. స్టీరియోకి మరిగే నీళ్ళు ఏవో ఇప్పుడు మీరే చెప్పగలరు.

తెలిసిన గొంతు, తెలిసిన వాయిద్యం

కాబట్టి చుట్టాలను చూసి రికార్డు ఎంచండి. వాళ్ళు ఏ ధ్వనిని స్టీరియో లేకుండా, మైకు కూడా లేకుండా నేరుగా విన్నారు? కృష్ణా జిల్లా పెళ్ళిళ్ళకు పోయిన ప్రతివారూ సన్నాయి మేళం విన్నారు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం రికార్డు ఉంటే వెయ్యండి. సన్నాయి ఊదేటప్పుడు ఆ గరుకూ, పదునూ ఉంటాయి చూడండి, అవి రావాలి. మెత్తగా, తీయగా, వేణువులాగా వినిపిస్తే స్టీరియో ఎక్కువ పౌనఃపున్యాలను మింగేస్తోందని అర్థం.

వీణ కూడా మంచి పరీక్ష. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు, ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి రికార్డులు పాత ఇళ్ళలో తరచు దొరుకుతాయి. తీగ మీటిన క్షణంలో గోరు తగిలిన చిన్న చప్పుడు, ఆ వెనుకే మెల్లగా సన్నగిల్లే నాదం, ఈ రెండూ వేరువేరుగా వినబడాలి.

మృదంగం గురించి కాస్త ఎక్కువ చెప్పాలని ఉంది. మామూలు డప్పు మీద కొడితే పుట్టే ఉపస్వరాలు మూల స్వరానికి పూర్ణ సంఖ్యల నిష్పత్తిలో ఉండవు. అందుకే దానికి శ్రుతి ఉండదు, మోతే ఉంటుంది. మృదంగం కుడి ముఖం మీద నల్లటి ముద్ద పొరలు పొరలుగా అంటించి ఉంటుంది కదా, దానివల్ల చర్మం బరువు మధ్యలో పెరిగి, ఉపస్వరాలు రెండింతలు, మూడింతలు, ఇలా పూర్ణ సంఖ్యల నిష్పత్తిలోకి వస్తాయి. దీన్ని శాస్త్రీయంగా వివరించినవాడు ఎవరో కాదు, విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్! 1920లో ఒకసారి, 1934లో మరింత వివరంగా ఆయన ఈ విషయం మీద రాశాడు. ఎడమ ముఖం, అంటే తొప్పి, దీనికి వేరు. రవ్వ ముద్ద అద్దిన ఆ వైపు మంద్రంగా గుమ్మంటుంది. మంచి స్టీరియోలో కుడి ముఖం స్వరం పలకాలి, తొప్పి గుమ్మని వెంటనే ఆగాలి. మీ ఫోనులో ఇదే వినండి. అంత చిన్న స్పీకరు మంద్రస్వరాలకు చాలినంత గాలిని కదపలేదు. తొప్పి దెబ్బ దాదాపు మాయమవుతుంది.

ఇక గొంతు. మనకి పుట్టినప్పటినుంచీ పరిచయమైన ధ్వని మనిషి గొంతే. అందులో చిన్న తేడా వచ్చినా చెవి పట్టేస్తుంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడ పనిచేసి, ఈ ఊరి సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా కూడా ఉన్న మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు ఈ ప్రాంతంలో రెండు మూడు తరాలకు తెలుసు. ఆయన మంద్ర స్థాయికి దిగినప్పుడు ఛాతీలోంచి వచ్చే గంభీరత వినండి. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల పాడిన భగవద్గీత రికార్డు చాలా ఇళ్ళలో ఉంటుంది. అది వేస్తే పెదనాన్నగారు మీ స్టీరియో సంగతి ఇట్టే చెప్పేస్తారు.

1980లో విడుదలైన "శంకరాభరణం" పాటలు వెయ్యవచ్చా? నిక్షేపంగా. 1986లో వచ్చిన ఇళయరాజా "హౌ టు నేమ్ ఇట్" వెయ్యవచ్చా? అదీ వెయ్యండి, వినడానికి. కాని ఒక సంగతి గుర్తుంచుకోండి. స్టూడియోలో కూర్చిన సంగీతంలో ఏ వాయిద్యం ఎడమన ఉండాలో, ఏది కుడిన ఉండాలో, ఏది ఎంత గట్టిగా వినబడాలో నిర్ణయించేవాళ్ళు ఉంటారు. ఎదురుగా పెట్టి పోల్చడానికి 'అసలు' అన్నది వేరే లేదు. అందులోని గొంతుకు మాత్రం ఉంది. పోల్చేటప్పుడు గొంతునే పట్టుకోండి.

మరి 1957 నాటి "మాయాబజార్" పాటలో? అవి మోనో, అంటే ఒకే దారిలో రికార్డు చేసినవి. రెండు స్పీకర్లలోనూ సరిగ్గా ఒకే ధ్వని వస్తుంది. స్టీరియో గొప్ప చూపడానికి మోనో రికార్డేమిటని నవ్వకండి. దానికి జవాబు మనకి ముందే తెలుసు. రెండు చెవులకూ ఒకే ధ్వని ఒకేసారి చేరితే గాయకుడు రెండు స్పీకర్లకూ సరిగ్గా నడుమ, ఏ స్పీకరూ లేని చోట, నిలబడి పాడినట్టుండాలి. ఒక పక్కకు జరిగాడా, రెండు స్పీకర్ల బలం సమానంగా లేదు. నడుమ లేడు, పక్కనా లేడు, గొంతు ఎక్కడినుంచో నీరసంగా వస్తోందా, అయితే ఒక స్పీకరుకు ఎర్ర తీగ చోట నల్ల తీగ తగిలించారు. ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. మంద్రస్వరాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయి. చుట్టాలు రాకముందే ఈ పరీక్ష చేసుకోండి. ఐదు నిమిషాల పని.

అయితే 78 చుట్ల పాత లక్క ప్లేట్లను మాత్రం ఎల్.పి. ముల్లుతో వెయ్యకండి. వాటి గాడి చాలా వెడల్పు. 0.075 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న ముల్లు కావాలి. ఎల్.పి. ముల్లు కొన 0.018 నుంచి 0.025 దాకా మాత్రమే. అది గాడి అడుగున ఉన్న దుమ్ములో ఈదుతూ పోతుంది. తాతగారి గ్రామఫోను ఉక్కు ముల్లుకింద ఎల్.పి. పెట్టడం ఇంకా ఘోరం. ఒక్కసారికే గాడి చెక్కుకుపోతుంది.

ప్లేటు మీద ఎక్కడ?

రికార్డు ఎంచారు. అందులో ఏ పాట? మొదటి పాట వెయ్యండి, అంటే బయటి అంచు దగ్గరది. ఎందుకో లెక్క చేద్దాం.

ఎల్.పి. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. బయటి గాడి వ్యాసార్ధం సుమారు 14.6 సెంటీమీటర్లు, చుట్టుకొలత 92 సెంటీమీటర్లు. కాబట్టి ముల్లు కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు పోతోంది. ఆఖరి గాడి వ్యాసార్ధం 6 సెంటీమీటర్లే. అక్కడ వేగం సెకనుకు 21 సెంటీమీటర్లు. పళ్ళెం ఒకే తీరున తిరుగుతున్నా, గాడి వేగం సగానికన్నా తక్కువకు పడిపోయింది.

ఇప్పుడు 10,000 హెర్ట్జ్‌ల ధ్వనిని తీసుకోండి. సెకనుకు పదివేల వంకరలు. బయట ఒక్కో వంకర పొడవు 51 సెంటీమీటర్లలో పదివేలో వంతు, అంటే 0.051 మిల్లీమీటరు. లోపలికి వచ్చేసరికి అది 0.021 మిల్లీమీటరు. ముల్లు కొన వ్యాసార్ధం ఎంతన్నాం? 0.018. అంటే లోపలి వంకర దాదాపు ముల్లంత సన్నం. లావుపాటి వేలితో సన్నటి చెక్కడాన్ని తడిమినట్టు, ముల్లు వంకర లోతుల్లోకి దిగలేక పైపైన జారిపోతుంది. 'స', 'శ' లాంటి అక్షరాలు బుసబుసమంటాయి. తాళాల గలగల చెదురుతుంది. ఒకే గాయకుడి గొంతును మొదటి పాటలో, ఆఖరి పాటలో విని చూడండి.

సరదాగా ఇంకో లెక్క. ఒక వైపు 20 నిమిషాలు నడిచే రికార్డులో ముల్లు ప్రయాణించే దూరమెంత? 667 చుట్లు. సగటు చుట్టుకొలత 65 సెంటీమీటర్లు వేసుకుంటే దాదాపు 430 మీటర్లు. ఆ దారంతా ఎనిమిదిన్నర సెంటీమీటర్ల వెడల్పులో చుట్టి పెట్టారు.

చుట్టాలే దుప్పట్లు

మన డెల్టా ఇళ్ళలో ముందు గది అంటే నున్నటి గచ్చు, సున్నం వేసిన గోడలు, పైన సిమెంటు కప్పు. చల్లగా ఉంటుంది. సంగీతానికి మాత్రం ఇబ్బంది. ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి వినండి. ధ్వని గోడ నుంచి గోడకు కొట్టుకుంటూ సాగుతుంది. దీన్ని ప్రతినాదం అంటాం.

దీన్ని మొట్టమొదట కొలిచినవాడు అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలస్ సబైన్. అక్కడ ఒక ఉపన్యాసాల గదిలో మాట అర్థమయ్యేది కాదు. 1895లో ఆ పని ఆయనకు అప్పగించారు. ఆయన ఏం చేశాడో తెలుసా? రాత్రివేళ పక్కనే ఉన్న నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, కొన్ని కొన్ని పరుస్తూ, ఒక ఆర్గన్ గొట్టం ఊది, దాని ధ్వని వినబడకుండా పోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారంతో కొలిచాడు. తెల్లవారకముందే మెత్తలన్నీ మళ్ళీ నాటకశాలకు! అలా తేలిన సూత్రం ఇది: ప్రతినాద కాలం = 0.16 × గది ఘనపరిమాణం ÷ శోషణ. ధ్వని తీవ్రత పదిలక్షలో వంతుకు తగ్గే కాలమన్నమాట. శోషణకు ఆయన వాడిన కొలమానం మరీ ముచ్చటైనది: తెరిచిన కిటికీ. అందులోంచి పోయిన ధ్వని తిరిగి రాదు కదా!

గది 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు అనుకుందాం. ఘనపరిమాణం 60 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి వైశాల్యం 94 చదరపు మీటర్లు. సున్నపు గోడ నూటికి మూడు వంతులే పీల్చుకుంటుందనుకుంటే శోషణ 2.8. తలుపులన్నీ మూసిన ఖాళీ గదిలో ప్రతినాద కాలం 9.6 ÷ 2.8 = 3.4 సెకన్లు. మాట మీద మాట పడి మృదంగం దెబ్బలన్నీ కలగలిసిపోతాయి. తలుపులు, కిటికీలు 4 చదరపు మీటర్లు తెరిస్తే 1.4 సెకన్లు. ఇప్పుడు పదిమంది చుట్టాలు వచ్చి కూర్చున్నారు. బట్టలు కట్టుకున్న ఒక మనిషి సుమారు 0.4 చదరపు మీటరు తెరిచిన కిటికీతో సమానం. కాలం 0.9 సెకనుకు దిగింది! చుట్టాలు నిండుగా ఉన్న గదిలో స్టీరియో ఖాళీ గదిలోకన్నా బాగా పలుకుతుంది. దూది పరుపు ఒకటి తెచ్చి గోడకు ఆనిస్తే మరీ మంచిది.

కూర్చునే చోటు కూడా చూడాలి. రెండు స్పీకర్లూ వినే మనిషీ సమబాహు త్రిభుజంలా ఉండాలి. ఒక స్పీకరుకు 34 సెంటీమీటర్లు దగ్గరగా జరిగితే ఆ ధ్వని 0.001 సెకను ముందు చేరుతుంది. అంతే, గాయకుడు నడుమనుంచి ఆ పక్కకు జారిపోతాడు. ముందు చేరిన ధ్వనికే మెదడు ఓటు వేస్తుందని 1949లో జర్మనీలో హెల్ముట్ హాస్ చూపాడు. గదిలో సరైన చోటు ఒక్కటే ఉంటుంది. దాన్ని పెద్ద చుట్టానికి ఇచ్చి మీరు వెనక నిలబడండి.

సౌండు పెంచితే బాగుంటుందా?

అంగట్లో వాళ్ళకు బాగా తెలిసిన కిటుకు ఒకటి ఉంది. రెండు స్టీరియోలు వినిపించి, అమ్మాలనుకున్నదాన్ని రవ్వంత గట్టిగా పెడతారు. గట్టిగా ఉందని కొనేవాడికి తోచదు, "ఇది బాగుంది" అనే తోస్తుంది. అమెరికాలో బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో కొలిచి చూపిన విషయమే దీనికి మూలం. మన చెవికి తక్కువ సౌండులో మంద్రస్వరాలు సరిగా అందవు. సౌండు పెంచిన కొద్దీ అవి త్వరగా పుంజుకుంటాయి. కాబట్టి గట్టిగా పెడితే అదే పాట నిండుగా ఉన్నట్టనిపిస్తుంది.

ఇది మీరే పరీక్షించండి. ఒకే పాటను స్నేహితులకు రెండుసార్లు వినిపించండి. రెండోసారి వాళ్ళు చూడకుండా సౌండు కొద్దిగా, గుర్తుపట్టలేనంత కొద్దిగా పెంచండి. "ఏ స్పీకరు మంచిది?" అని అడగండి. ఒక్కొక్కరినీ విడిగా అడగాలి, ఒకరి జవాబు మరొకరు వినకూడదు. సగం మందికి రెండోసారి కాక మొదటిసారే పెంచి వినిపించాలి. లేకపోతే ఆఖరున విన్నదే బాగుందన్నారేమోనన్న అనుమానం మిగిలిపోతుంది. జవాబులు కాగితం మీద రాసుకోండి. ఇంట్లో గొంతు రికార్డు వేసేటప్పుడు మాత్రం మనిషి గదిలో నిలబడి పాడితే ఎంత గట్టిగా ఉంటుందో అంతే పెట్టండి. పోల్చి చూడడానికి కుదిరేది అప్పుడే.

180 గీతలు

చివరిగా పళ్ళెం వేగం. అది సరిగా లేకపోతే మిగతా తంటాలన్నీ వృథా. పాత ప్లేయర్లలో రబ్బరు పట్టీ మన ఎండలకు సాగిపోయి ఉంటుంది. రికార్డులు కూడా అంతే. విజయవాడలో మే నెలలో కారులో వదిలేస్తే అప్పడంలా వంగిపోతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలువుగా పెట్టాలి. వానాకాలంలో అట్టలకు బూజు పట్టకుండా అప్పుడప్పుడు గాలి తగలనివ్వాలి.

వేగం చూడడానికి చిన్న సాధనం చేసుకుందాం. తెల్లటి అట్ట మీద సుమారు 20 సెంటీమీటర్ల వ్యాసంతో వృత్తం గీసి కత్తిరించండి. అంచు వెంబడి కోణమానినితో 2 డిగ్రీలకొకటి చొప్పున నల్లటి పొట్టి గీతలు గీయండి. మొత్తం 180 వస్తాయి. నడుమ చిల్లు చేసి, తిరుగుతున్న పళ్ళెం మీద పెట్టి, చోకు ఉన్న పాత ట్యూబు లైటు వెలుగులో చూడండి. (ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బుల్లో చాలావాటికి మినుకు ఉండదు కాబట్టి వాటికింద పని జరగదు.) మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు. ఆ లైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. పళ్ళెం 1.8 సెకన్లకొక చుట్టు తిరిగితే సెకనుకు సరిగ్గా 100 గీతలు కదులుతాయి. ప్రతి మినుకుకూ ఒక గీత చోటికి తరువాతి గీత వచ్చి నిలుస్తుంది కాబట్టి గీతలన్నీ కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి.

గీతలు పళ్ళెం తిరిగే వైపే మెల్లగా పాకుతుంటే వేగం ఎక్కువ. వెనక్కి పాకుతుంటే తక్కువ. ఎంత? పళ్ళెం పక్కన ఒక పుల్ల గుర్తుగా నిలబెట్టి, ఒక నిమిషంలో ఎన్ని గీతలు దాన్ని దాటాయో లెక్కపెట్టి 60తో భాగించండి. సెకనుకు ఒక గీత దాటితే తేడా నూటికి ఒకటి. ఆరు దాటితే నూటికి ఆరు, అంటే పాట సరిగ్గా ఒక స్వరస్థానం పైకెక్కి కూర్చుందన్నమాట. హార్మోనియం ఉంటే గాయకుడి శ్రుతి దాని మీద పట్టి, మీ లెక్క సరిపోయిందో లేదో చూడండి.